కొబ్బరికాయ నుంచి బంగారు బెల్టు దాకా

ఈ వారం ఈ పేజీలో ఓ కొత్త హీరోయిన్ కబుర్లు చెబుతానని పోయిన వారం మాటిచ్చాను. మాట తప్పుతున్నాను. క్షమించాలి. తప్పు నాది కాదు, మా మాచారెడ్డి కుర్రాళ్లది.

రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున్నే నలుగురు కుర్రాళ్లు రెండు మోటారు సైకిళ్ల మీద కామారెడ్డిలో నా గదికి దిగబడ్డారు. పళ్లు తోముకుంటున్న నా చేతిలో ఓ నోటుబుక్కు కాగితం పెట్టారు. దాని మీద బాల్ పెన్నుతో గీసిన బొమ్మ. మధ్యలో పళ్లెంలాంటి గుండ్రం, దానికి రెండు రెక్కలు, నెత్తిన కిరీటం, అటు రెండు ఇటు రెండు బిళ్లలు.

"ఏందిరా ఇది? పెండ్లి పందిరికి గేటా?" అన్నాను.

"బెల్టన్నా! మన జాతర కుస్తీలకు ఛాంపియన్ బెల్టు! నువ్వు గచ్చిబౌలిల జూసొచ్చినవ్ గద, జర డిజైన్ మంచిగ జేసియ్యి. పైసలు మేం జమ జేస్తం" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. పెద్దవాడంటే ఇరవై రెండేళ్లుంటాయి.

మాచారెడ్డి ఎక్కడుందని అడిగే పట్నం పాఠకులకి రెండు ముక్కలు. కామారెడ్డి నుంచి సిరిసిల్ల రోడ్డు పట్టుకుంటే వస్తుంది. 2016 దాకా నిజామాబాదు జిల్లా, తర్వాత కామారెడ్డి జిల్లా. ఆ మండలంలోనే ఓ ఊరు మాది. మా జిల్లాలో జాతరంటే కుస్తీలుండాల్సిందే. దున్ని మెత్తన చేసిన మట్టి, చుట్టూ జనం, డప్పులు. మొదటి కుస్తీ పిల్లలది. గెలిచినవాడికి కొబ్బరికాయ ఇస్తారు, అందుకే దాన్ని కొబ్బరికాయ కుస్తీ అంటారు. ఆ తర్వాత పందెం పది, ఇరవై, యాభై, వంద, అయిదు వందలు... అలా మెట్టు మెట్టుకీ పెరిగి, పొద్దుగూకే వేళకి చివరి కుస్తీకి వెండి కడెం. ఎన్ని తులాల కడెం పెట్టారన్నదాన్ని బట్టి ఆ ఊరి పరపతి. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపైతే సరిహద్దు దాటి మహారాష్ట్ర, కర్ణాటక పహిల్వాన్లు కూడా దిగుతారు. వీపు నేలకి తగిలిందా, ఆట అయిపోయినట్టే. తాళ్లు లేవు, గంట లేదు, రిఫరీ నేలమీద పడి ఒకటీ రెండూ మూడూ అని చరచడం లేదు.

అలాంటి కుస్తీకి బెల్టట! నేను నవ్వాను. నవ్వి, స్నానం చేసి, నలుగురికీ చాయ్ తాగించి, ఆ కాగితాన్ని మళ్లీ చూశాను. చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. టైటిళ్లంటే నాకు చిన్నప్పటి పిచ్చి. రెజ్లర్ల బొమ్మల ట్రంప్ కార్డుల కోసం బలపాలు, గోళీలు, ఒకసారి చెల్లెలి రిబ్బన్లు కూడా మార్పిడి చేసినవాణ్ణి. ఆ కార్డుల మీదే నేను ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నానంటే అబద్ధం కాదు.

గచ్చిబౌలి సంగతి చెప్పాలి. 2023 సెప్టెంబరు 8న డబ్ల్యు.డబ్ల్యు.ఇ. వాళ్లు హైదరాబాదులో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 'సూపర్‌స్టార్ స్పెక్టకల్' అని ఒక ప్రదర్శన పెట్టారు. జాన్ సీనా వచ్చాడు. అతని జంటగా సెత్ రోలిన్స్ దిగాడు. ఇద్దరూ కలిసి లుడ్విగ్ కైజర్, జొవాన్నీ విన్చీ అనే జోడీని ఓడించారు. మన వాళ్ల ఈలలు మొదటి రోజు మొదటి ఆటని మించిపోయాయి. అందరి కళ్లూ సీనా మీదుంటే నా కళ్లు మాత్రం రోలిన్స్ భుజం మీది బెల్టు మీద. ఎందుకంటే ఆ టైటిల్ వయసు అప్పటికి సరిగ్గా నూట నాలుగు రోజులు. అంటే శతదినోత్సవం దాటిన నాలుగో రోజున మన ఊరొచ్చిందన్నమాట!

దాని పుట్టుక కథ వినండి. 2022 ఏప్రిల్‌లో రోమన్ రీన్స్ అనే పెద్ద హీరో కంపెనీలోని రెండు పెద్ద టైటిళ్లూ తన దగ్గరే పెట్టుకున్నాడు. పోనీ వారం వారం ఆడతాడా అంటే లేదు, ఎప్పుడో పండక్కి వచ్చే అల్లుడిలా వస్తాడు. దాంతో వారానికో ఆట వేసే 'రా' కార్యక్రమానికి ఛాంపియనే లేకుండా పోయాడు. హీరో కాల్షీట్లు దొరక్క షూటింగ్ ఆగినట్టు. 2023 ఏప్రిల్ 24న ట్రిపుల్ హెచ్ టీవీలో కొత్త 'వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్' ప్రకటించి, గుడ్డ తీసి బెల్టు చూపించాడు. టోర్నమెంటు పెట్టారు. మే 27న సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఫైనల్లో ఏ.జె. స్టైల్స్‌ని ఓడించి రోలిన్స్ దానికి మొదటి యజమాని అయ్యాడు. ఆ తర్వాత ఊరూరా తిరిగి, అడిగినవాడితోనల్లా కొట్లాడాడు. ఆ రెండో పనే గట్టి పని. బెల్టు పుట్టించడం ఒక పూట పని. దాన్ని నిలబెట్టడానికి ఒళ్లు హూనం కావాలి.

'అన్నా, అదంతా ఉత్తుత్తిదే కదా' అని మీలో కొందరు అంటారు. అవును, అక్కడ ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. అది రహస్యమూ కాదు. 1989లోనే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఆ కంపెనీ వాళ్లు మాది పోటీ కాదు, వినోదం అని ఒప్పేసుకున్నారు, క్రీడల మీదుండే అజమాయిషీ తప్పించుకోవడానికి. అయితే మాత్రం ఏం? మన సినిమాలో క్లైమాక్సులో విలన్ తన్నులు తింటాడని టిక్కెట్టు కొన్నప్పుడే తెలుసు కదా. తెలిసీ కుర్చీ అంచున కూర్చుంటాం. దెబ్బ తగిలే తీరు నమ్మిస్తే చాలు. టైటిల్ సంగతీ అంతే.

ఈ టైటిళ్ల జన్మ పత్రికలు తిరగేస్తే మన పౌరాణిక రచయితలే నయమనిపిస్తుంది. 1963లో ఆ కంపెనీ తన మొదటి ప్రపంచ టైటిల్ని బడ్డీ రోజర్స్‌కి కట్టబెట్టింది. ఎక్కడ గెలిచాడయ్యా అంటే, బ్రెజిల్లో రియో డి జనీరోలో జరిగిన టోర్నమెంటులో అన్నారు. అలాంటి టోర్నమెంటు జరగనే లేదు! పదహారేళ్లు గడిచాయి. 1979లో ఇంటర్‌కాంటినెంటల్ అని ఇంకో టైటిల్ కావాల్సొచ్చింది. పాట్ ప్యాటర్సన్‌ని ఛాంపియన్ అన్నారు. ఎక్కడ గెలిచాడు? మళ్లీ రియోలోనే! మళ్లీ జరగని టోర్నమెంటులోనే! రియో అయితే దూరం, ఎవడు పోయి అడుగుతాడు?

ఆ దొంగ జన్మ పత్రిక ఉన్న బెల్టులే తర్వాత తరాల తరాల పిల్లల కలల్లోకి వచ్చాయి. రోజర్స్ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. 1963 మే 17న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో బ్రూనో సమార్టినో అతన్ని నలభై ఎనిమిది సెకన్లలో ఓడించాడు. ఆ తర్వాత 1971 జనవరి దాకా, ఏడున్నర ఏళ్ల పైచిలుకు, ఆ టైటిల్ బ్రూనో దగ్గరే ఉంది. ఇక ఇంటర్‌కాంటినెంటల్ సంగతంటారా, గచ్చిబౌలికి దాన్ని తెచ్చినవాడు గుంథర్. అదే వారంలో హాంకీ టాంక్ మ్యాన్ పేరనున్న 454 రోజుల పాత రికార్డుని దాటేసి వచ్చాడు. రియో అబద్ధం ఎవరికి గుర్తుంది? 454 రోజులు మాత్రం అందరికీ కంఠతా.

దీనికి అడ్డం తిరిగిన ఉదాహరణలూ ఉన్నాయి. 2002 సెప్టెంబరు 2న ఎరిక్ బిషాఫ్ ఒక పెట్టె తెరిచి, అందులోంచి బంగారు బెల్టు తీసి ట్రిపుల్ హెచ్ చేతిలో పెట్టాడు. ఆట లేదు, పాట లేదు, ఇదిగో నువ్వే ప్రపంచ ఛాంపియన్‌వి! అభిమానులు ఇప్పటికీ దెప్పుతారు. అయితే అదే టైటిల్ని 2007 జులైలో ఇరవై మందిని ఒకేసారి రింగులోకి తోసిన ఆటలో మన గ్రేట్ ఖలీ గెలిచినప్పుడు, పెట్టె సంగతి మా హాస్టల్లో ఎవడూ ఎత్తలేదు లెండి. ఆ రాత్రి మెస్సులో కంచాలు డప్పులయ్యాయి.

2016 ఆగస్టు 21 కథ ఇంకా విచిత్రం. బ్రూక్లిన్‌లో 'యూనివర్సల్ ఛాంపియన్‌షిప్' అని కొత్త టైటిల్ తెర తీశారు. పాత బెల్టు అచ్చే, తోలు మాత్రం ఎర్రెర్రగా. రింగులో ఫిన్ బేలర్, మన రోలిన్సూ ప్రాణాలకి తెగించి ఆడుతుంటే జనం వాళ్లని చూడ్డం మానేసి బెల్టు బాగాలేదని కోరస్ అందుకున్నారు! ఆటలో బేలర్ భుజం దెబ్బతిన్నది. గెలిచాడు గానీ, మర్నాడే వచ్చి టైటిల్ తిరిగిచ్చేశాడు. ఇరవై నాలుగ్గంటల వైభవం. పాపం, బారసాల నాడే బిడ్డ జబ్బుపడ్డట్టు.

డిజైన్ అంటే ఏమిటో ఆ రోజు ఆ కంపెనీకి తెలిసొచ్చిందనుకుంటాను. బెల్టుని దగ్గర్నుంచి చూసేది ఇద్దరే, కట్టుకున్నవాడూ, పోగొట్టుకున్నవాడూ. మిగతా వాళ్లంతా చివరి వరసలోంచి, టీవీలోంచి చూస్తారు. అంత దూరం నుంచి అక్షరాలు కనిపించవు. ఆకారం కనిపిస్తుంది, మెరుపు కనిపిస్తుంది, అంతే. రెజీ పార్క్స్ అనే పెద్దమనిషికి ఈ కిటుకు తెలుసు. ఆయన మొదట్లో తానే రెజ్లర్. తర్వాత బెల్టులు చేసే పనిలో దిగి 'బెల్టుల రాజు' అనిపించుకున్నాడు. 2021లో పోయాడు. 1988 నుంచి పదేళ్ల పాటు హల్క్ హోగన్, బ్రెట్ హార్ట్ లాంటి వాళ్ల నడుములకున్న రెక్కల గద్ద బెల్టు ఆయన చేతిదే. మా కుర్రాళ్ల నోటుబుక్కులో రెక్కలు ఎక్కడివనుకున్నారు? వాళ్లు పుట్టక ముందే అమెరికాలో ఎగిరిన గద్ద అది. మాచారెడ్డి మండలం దాకా వచ్చి వాలింది.

ఇలాంటి బెల్టు చేసే తీరు మన వాళ్లకి కొత్తేమీ కాదు. లోహపు రేకు మీద బొమ్మ వేసి, మిగిలిన చోటు యాసిడ్‌తో తినిపిస్తారు. బొమ్మ ఉబ్బెత్తుగా నిలబడుతుంది. వెనక నుంచి కొట్టి కొంచెం వంపు తిప్పుతారు, పొట్ట మీద కూర్చోవాలి కదా. బంగారు పూత. తర్వాత తోలు, దాని మీద చేత్తో చెక్కిన లతలు, వెనకాల నొక్కుడు గుండీలు. 1986లో వచ్చిన 'బిగ్ గోల్డ్' బెల్టు, అదే ఖలీ ఎత్తుకున్న ఆకారం, నెవాడా రాష్ట్రపు చార్లెస్ క్రమ్‌రైన్ అనే వెండి పనివాడు చేసింది. ఆయనకి అసలు పేరు తెచ్చింది గుర్రపు స్వారీ పోటీల వాళ్లకి చేసే బకిల్సు. మన దగ్గర ఔసలి ఇల్లు అనుకోండి. 2023 నాటి కొత్త బెల్టులోనూ ఆ బిగ్ గోల్డ్ ఛాయలు కనిపిస్తాయి. వెండి పనివాడి చేతి గీత ముప్ఫై ఏడేళ్లు నడిచొచ్చిందన్నమాట.

ఆ బిగ్ గోల్డ్ మీద ఓ తమాషా కథ ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మా ఊరి పంచాయితీలో పనికొస్తుంది. పాతకాలంలో ఎన్.డబ్ల్యు.ఎ. వాళ్లు ఛాంపియన్ అయినవాడి దగ్గర ఇరవై అయిదు వేల డాలర్లు డిపాజిట్ కట్టించుకునేవారు, బెల్టు పట్టుకుని ఉడాయించకుండా. 1991లో రిక్ ఫ్లేర్‌ని పనిలోంచి తీసేశారు. డిపాజిట్ వెనక్కివ్వలేదు. 'అయితే బెల్టు నాదే' అని ఆయన దాన్ని సంచిలో వేసుకుని ఎదుటి కంపెనీ టీవీలో ప్రత్యక్షమై, 'అసలైన ప్రపంచ ఛాంపియన్ని నేనే' అన్నాడు! ఒక నిర్మాత దగ్గర అలిగిన హీరో ఆ సినిమా నెగెటివ్ పట్టుకుని పోటీ స్టూడియోలో దిగినట్టు. కోర్టులదాకా పోయింది వ్యవహారం.

ఈ కథలన్నీ ఆ కుర్రాళ్లకి చెప్పాను. నోళ్లు తెరుచుకుని విన్నారు. 2019లో క్రిస్ జెరికో కొత్త ఎ.ఇ.డబ్ల్యు. కంపెనీ మొట్టమొదటి బెల్టు గెలిచి, మర్నాడే హోటల్లో భోంచేస్తుంటే దాన్ని పోగొట్టుకున్నాడనీ, చివరికి అది పోలీసుల చేతికి చేరిందనీ చెబితే పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులతోనే జాతర కమిటీ మీటింగుకి బయల్దేరాం.

అక్కడ మా పెద్దనాయిన ఉన్నాడు. వయసులో తాలీంలో మట్టి పూసుకున్న మనిషి, చెవులు ఇప్పటికీ చిట్లిన కాకరకాయల్లా ఉంటాయి. రావి చెట్టు కింద గద్దె మీద కూర్చుని, కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"పిట్టెందుకురా దీని మీద?"

"గద్దనే తాత. పవర్‌గ ఉంటది."

"మన ఊళ్లె గద్దొస్తే కోడిపిల్లలను గంప కింద పెడ్తం. గద్దకు దండమెవ్వడు పెడ్తడు?" అని కాగితం నాకిచ్చాడు. "సరే గని బిడ్డా, నువ్వు సదువుకున్నోనివి. నన్నొకటి జెప్పు. కడెం గెలిచినోడు ఇంటికి తీస్కపోతడు. పెండ్లానికి సూపెడ్తడు, అక్కెరొస్తె కుదువ పెడ్తడు. గీ బెల్టు గెలిచినోడేం జేస్తడు?"

"మళ్లీ ఏడు జాతరకి తెస్తాడు పెద్దనాయినా. అప్పుడు దానికోసం ఇంకొకడితో కొట్లాడతాడు. అదే టైటిల్ అంటే."

"సరిహద్దు అవుతలోడు గెలిచిండనుకో. తేకపోతె?"

నాకు రిక్ ఫ్లేర్ గుర్తొచ్చాడు. డిపాజిట్ సంగతి చెప్పాను. గద్దె మీదున్న నలుగురు పెద్దమనుషులూ ఒకేసారి నవ్వారు. కూలి డబ్బుతో బస్సెక్కి, లంగోటి సంచిలో పెట్టుకుని వచ్చే పహిల్వాన్ని డిపాజిట్ కట్టమంటామా? ఇక్కడ నా అమెరికా చదువంతా మట్టిలో పడి చిత్ అయింది. నేను బెల్టుని బొమ్మగానే చూశాను. ఆయన దాన్ని అప్పుగా చూశాడు. ఆయన చూపే సరైంది. టైటిల్ అంటే గెలిచినవాడి మీద పడే బాకీ. మళ్లీ రావాలి, మళ్లీ కలబడాలి. కడెంకి ఆ బాకీ లేదు.

ఇంకో చిక్కు. మొదటి ఛాంపియన్ ఎవరు? కుర్రాళ్లలో ఒకడు హుషారుగా, "పోయినేడు హైదరాబాదుల గెలిచిండని ఒకన్ని అనౌన్స్ జేద్దం తాతా! మైకుల జెప్తె ఎవడడుగుతడు?" అన్నాడు. చూశారా, రియో డి జనీరో ఎలా పుడుతుందో! ఎవరూ నేర్పకుండానే పుడుతుంది. పెద్దనాయిన ఒకే మాట అన్నాడు: "ఈడ అందరెర్కున్నోళ్లే గదరా." అక్కడితో రియో మూతపడింది.

ఈ మధ్యలో మనవైపు బిరుదుల సంగతి కూడా అనుకున్నాం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారిని జనం కలియుగ భీముడన్నారు. ఏ బెల్టూ లేదు. 1942లో పోయారు, బిరుదు మాత్రం ఇంకా పోలేదు. 'నర్తనశాల'లో భీముడు వేసిన దండమూడి రాజగోపాలరావుగారు నిజంగా బరువులెత్తిన వీరుడే, ఇండియన్ టార్జాన్ అనేవారు. దారాసింగ్ 1954లో రుస్తుం-ఎ-హింద్ అనిపించుకుని, 1968 మే 29న బొంబాయిలో లూ థెజ్‌ని ఓడించాడు. అందాకా సంపాదించుకున్న పేరుతోనే సినిమాల్లోనూ నిలిచాడు. అంతకు ముందు 1910లో లండన్లో గామా పహిల్వాన్‌కి జాన్ బుల్ బెల్టు దక్కింది. అదీ ఎలా? జ్బిస్కోతో మొదటి ఆట తేలలేదు. రెండో ఆటకి జ్బిస్కో రానే లేదు. ఆ తర్వాత 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ తలపడ్డారు, నిమిషం తిరక్కుండానే గామా అతన్ని పడేశాడు. పద్దెనిమిదేళ్ల బాకీ తీరిందన్నమాట. బెల్టు లండన్‌దైనా లెక్క మాత్రం పటియాలా మట్టిలో తేలింది.

మన సినిమాల్లోనూ అంతే కదండీ. 1988లో 'మరణ మృదంగం' సినిమాకి నిర్మాత కె.ఎస్. రామారావుగారు చిరంజీవిగారి పేరు ముందు 'మెగాస్టార్' అని వేశారు. తెర మీద నాలుగు అక్షరాలు వేయడానికి ఖర్చెంత? అలాంటి అక్షరాలు చాలామంది వేయించుకున్నారు, హాలు బయటికొచ్చేసరికి జనం మరిచిపోయారు. ఆ ఒక్కటి మాత్రం జనం నోట్లో పడి నిలిచింది. దాని వెనకాల ఎన్ని సినిమాల చెమట ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, మా గద్దె దగ్గరికి వద్దాం. చివరికి తీర్మానం ఇది: కడెం పహిల్వానుది, బెల్టు ఊరిది. గెలిచినవాడు కడెం తీసుకుపోతాడు. బెల్టు భుజాన వేసుకుని డప్పులతో ఊరు తిరిగి, ఫోటో దిగి, పంచాయతీ బీరువాలో పెట్టిపోతాడు. వాడి పేరు చిన్న బిళ్ల మీద చెక్కించి పక్కన తగిలిస్తారు. మళ్లీ ఏడాది చివరి కుస్తీ వాడితోనే. రాకపోతే బిళ్ల ఉంటుంది, కుస్తీ మిగతా వాళ్లకి వదిలేస్తారు. ఇంకో పాయింటు కూడా పెద్దనాయినే పెట్టాడు: మట్టి, చెమట, నూనె ఉన్న ఒంటికి తోలు కట్టకూడదు, పాడవుతుంది. కాబట్టి నడుముకి కాదు, భుజానికే.

డిజైనూ మారిపోయింది. గద్ద ఎగిరిపోయింది. మధ్యలో ఏముండాలన్న దాని మీద గంట సేపు రభస. కుర్రాళ్లు సింహం అన్నారు, ఒకాయన గద అన్నాడు, ఇంకొకాయన ఎమ్మెల్యేగారి ఫోటో అన్నాడు. ఆయన్ని అందరూ కలిసి కూర్చోబెట్టారు. పెద్దనాయిన కొబ్బరికాయ అన్నాడు. కుర్రాళ్ల ముఖాలు మాడిపోయాయి. 'ఛాంపియన్ బెల్టు మీద కొబ్బరికాయేంది తాతా, నవ్వుతరు!' నేనూ మొదట కుర్రాళ్ల పక్షమే. ఆయన వివరం చెప్పలేదు, "ఆడికెళ్లే గద మొదలైతది" అని ఊరుకున్నాడు. కాసేపటికి, ఇందాకటి దాకా హైదరాబాదు ఛాంపియన్‌ని పుట్టిస్తానన్నవాడే, తాను ఎనిమిదేళ్లప్పుడు కొబ్బరికాయ కుస్తీ గెలిచి ఆ కాయని మూడ్రోజులు పగలగొట్టనివ్వలేదని నోరు జారాడు. ఇంకేముంది, ఓటింగు అయిపోయింది!

రేకు ఇత్తడిది. పెంబర్తి పనివాళ్ల చేత చేయిద్దామని నా సలహా. జనగామ దగ్గరి ఆ ఊరి ఇత్తడి రేకు పనికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుడి ద్వారాలకి రేకు కొట్టే చేతులకి ఇదెంత? కానీ చందాలు అంత దూరం పోలేదు. కామారెడ్డిలోనే చేయించాం. మధ్యలో కొబ్బరికాయ, దాని చుట్టూ కడెం ఆకారంలో గుండ్రని అంచు. దూరం నుంచి చూస్తే కొబ్బరికాయ పొద్దుపొడుపులా కనిపిస్తుంది. దగ్గరికొస్తే మూడు కళ్లు. నిజం చెప్పాలంటే బంగారు పూత కొంచెం పచ్చగా, పెళ్లి గిల్టు నగలాగే ఉంది. నాకు నచ్చింది.

మొన్న శనివారం జాతర. కొబ్బరికాయ కుస్తీ ఓ బక్క పిల్లాడు గెలిచాడు. మెట్టు మెట్టుకీ పందెం పెరిగింది. సాయంత్రానికి చివరి కుస్తీకి ఇద్దరు మిగిలారు. ఒకాయన సరిహద్దు అవతలి వాడు, గట్టి శాల్తీ. ఇంకొకాయన మా పక్క మండలం వాడు, దుబాయిలో ఆరేళ్లు పనిచేసి వచ్చి మళ్లీ తాలీం మొదలుపెట్టిన మనిషి. మైకులో కుర్రాడు గొంతు చించుకుంటున్నాడు. బెల్టుని కుర్చీ మీద ఎర్ర గుడ్డ వేసి పెట్టారు. పావుగంట అయింది. అరగంట అయింది. ఒకడు ఎత్తితే ఇంకొకడు బోర్లా పడతాడు. వీపు మాత్రం తగలనివ్వడు. చీకటి పడింది. మోటారు సైకిళ్ల లైట్లు వేశారు. ఇద్దరి రొమ్ములూ కొలిమి తిత్తుల్లా ఆడుతున్నాయి. అప్పుడు పెద్దనాయిన లేచి, ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తాడు. బరాబర్!

కడెం సంగతి తేలిక. దాని ఖరీదు లెక్కగట్టి సగం సగం పంచారు, ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. బెల్టు? దాన్ని సగానికి కోస్తామా? కుర్రాళ్లకి ఏడుపొక్కటే తక్కువ. రెండు నెలల చందాలు, డిజైన్లు, పోస్టర్లు... పుట్టిన రోజునే టైటిల్‌కి దిక్కు లేదు! ఫిన్ బేలర్ ఒక రాత్రైనా దాచుకున్నాడు, మాకు ఆ ఒక్క రాత్రి కూడా లేదు. "టాస్ వేద్దామన్నా" అన్నాడొకడు నా చెవిలో. జనం మాత్రం కదల్లేదు. ఇద్దరిలో ఎవరు మెరుగో అప్పటికే గుంపులు గుంపులుగా వాదించుకుంటున్నారు. చాయ్ బండి దగ్గర చొక్కాలు పట్టుకోవడం కూడా చూశాను.

పెద్దనాయిన బెల్టుని ఎర్ర గుడ్డలోనే చుట్టి సర్పంచి చేతికిచ్చాడు, బీరువాలో పెట్టమని. బిళ్ల ఖాళీ.

నేను బస్సు కోసం నిలబడ్డాను. సరిహద్దు అవతలి పహిల్వాను కూడా అక్కడే ఉన్నాడు, చెవి మీద మట్టి ఇంకా పోలేదు. మరాఠీ కలిసిన తెలుగులో, వచ్చే ఏడు జాతర ఏ తారీఖున పడుతుందని అడిగాడు. ఇంకా పంచాంగం చూడలేదన్నాను. చూసి ఫోన్ చేయమని, నా చేతిలోంచి పెన్ను తీసుకుని తన నంబరు నా అరచేతి మీద రాశాడు. దుబాయి మనిషి అప్పటికే రాయించుకుని పోయాడట.

హీరోయిన్ కబుర్లు వచ్చే వారం తప్పకుండా!